మొలక ఆగాల్సిన రోజు

బార్లీ గింజను గోటితో చీల్చి చూస్తే లోపల మొలక ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది. పొట్టు కిందనే, గింజ వీపు మీదుగా పాక్కుంటూ వస్తుందది. ముప్పాతిక దూరం వచ్చాక ఆపెయ్యాలి. ముందే ఆపితే గింజలో తీపి పుట్టదు, ఆలస్యంగా ఆపితే పుట్టిన తీపిని మొలకే తినేస్తుంది. ఈ సంగతి సంజీవమ్మకు ఎవరూ నేర్పలేదు. అన్నమయ్య జిల్లాలో, సంబేపల్లె అవతల ఆమె ఊళ్లో, పసిపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ రాగులు నానేసి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి విసురుకుంటారు. మూట ఎప్పుడు విప్పాలో ఆడవాళ్ల ముక్కుకు తెలుస్తుంది. ఆ ముక్కే ఇప్పుడు సంజీవమ్మ కొంప ముంచింది.

కువైట్ ఊరవతల ఎడారిలో, కబ్ద్‌లో, గొర్రెల కొట్టాలు దాటాక ఒక రేకుల షెడ్డు ఉంది. బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల నాలుగు ఏసీలు పెట్టి చలికాలం తెప్పించారు. నున్నటి సిమెంటు నేల మీద జానెడు మందాన బార్లీ పరిచి ఉంది. సంజీవమ్మ చీర మీద రెండు స్వెట్టర్లు తొడుక్కుని, మోకాళ్ల మీద కూచుని, గింజల్లోకి మణికట్ల దాకా చేతులు దించి వేడి చూస్తోంది. మొలకెత్తే గింజ ఊపిరి తీస్తుంది, వేడెక్కుతుంది. ఆరు గంటలకోసారి, పగలనక రాత్రనక, పారతో తిరగెయ్యకపోతే మొలకల వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని అట్టకడతాయి. రెండు రోజుల పనికని ఆమెను ఇక్కడికి పంపించి రెండు నెలలైంది. ఆ రెండు నెలలుగా ఆమె నిద్ర కూడా ఆరు గంటలకోసారి తెగుతూనే ఉంది.

"అక్కా, ఆ పార ఇట్లియ్యి. నేను తిరగేస్తా," అన్నాడు పెంచల్.

పెంచల్‌ది రాజంపేట వైపు. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. అతని పని గొర్రెలు చూడటం. ఎండకు తాళలేక ఏదో ఒక సాకు చెప్పి షెడ్డులోకి దూరతాడు, దూరినందుకు పార అందుకుంటాడు. రెండు నెలల్లో అతని మొహంలో కాస్త తెలుపు కనపడిందంటే అది ఈ షెడ్డు చలవే.

"నిదానంగా తిరగెయ్యి నాయనా. గింజను ఎగరెయ్యాల, కుమ్మరియ్యగూడదు. మొలక ఏరు తెగిపోతాది."

అప్పుడే తలుపు తోసుకుని ఇద్దరు లోపలికొచ్చారు. ముందొచ్చింది బుజ్జిబాబు, కువైట్ సిటీ మిర్కాబ్‌లో బదర్ ఆఫీసు పనులు చక్కబెట్టే కోనసీమ మనిషి. వెనక వచ్చిన పొడుగాటి తెల్ల ముసలాయన చెక్ దేశం నుంచి మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చిన మేస్త్రి. ఆయన పేరు జెలెంకా. పెంచల్ నోట్లో అది వచ్చిన రోజే జెలంకాయ అయి కూచుంది.

బదర్ అంటే సంజీవమ్మ కఫీల్ కొడుకు. కఫీల్ అంటే వీసా ఇచ్చి ఇంటిపనికి పెట్టుకున్న యజమాని. కువైట్‌లో మత్తు లేని బీరును షయీర్ అంటారు, అంటే బార్లీ. ప్రతి కొట్లోనూ డబ్బాల్లో దొరుకుతుంది. బదర్‌కు ఆ డబ్బాల సరుకు ఆనలేదు. చదువుకునే రోజుల్లో చెక్ దేశం వెళ్లి, అక్కడి బంగారు రంగు బీరు చూసి వచ్చాడు. తాగాడో లేదో ఎవరూ అడగలేదు. ఆ రంగు, ఆ నురగ, ఆ చేదు, అన్నీ ఉండి మత్తు మాత్రం లేని షయీర్ చేసి అమ్మాలని అతని పట్టుదల. దానికి కావలసిన బార్లీని పాతకాలం పద్ధతిలో నేల మీదే మొలకెత్తించాలన్నాడు జెలెంకా. మొదటి రెండు విడతలూ పులిసి కంపు కొట్టాయి. అప్పుడు బదర్ తల్లికి గుర్తొచ్చింది, మంచాన పడ్డ తన అత్తగారికి ఏదీ గొంతు దిగని రోజుల్లో ఈ సంజీవమ్మే ఏవో మొలకల పిండి కాచి తాగించేదని.

ముసలాయన మోకాళ్ల మీద కూలబడి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. ముందు పళ్లతో నలిపి, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలాడు.

"దోబ్రే," అన్నాడు. అంటే బాగుందని. ఆ ఒక్క ముక్కా ఇక్కడ అందరికీ వచ్చేసింది.

"సంజీవమ్మగారూ, మీకో తీపి కబురు తెచ్చానండోయ్," అన్నాడు బుజ్జిబాబు.

ఆమె చేతులు గింజల్లోంచి పైకి తీసింది. "టికెట్టు తీసినారా నాయనా?"

"అంతకంటే పెద్దదండి. బదర్ సారు మీ ఇఖామా మార్పించేస్తున్నాడండి. ఇంటిపనిది తీసేసి, ఇక్కడి పని మీదకి. రెండేళ్లకండి! వచ్చే ఆదివారం కాయితాలు పెట్టేస్తాం. ఇంకీ షెడ్డుకి మీరే మహారాణండి."

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండి పనిచేసేందుకిచ్చే అనుమతి కాగితం. సంజీవమ్మ చేతులకంటిన తడి గింజల్ని ఒక్కొక్కటిగా గిల్లి కింద వేసింది. పెద్దావిడ పోయేదాకా ఉండు, ఆ తరవాత నిన్నొక్క రోజు కూడా ఆపను అని మామా, అంటే బదర్ తల్లి, మాటిచ్చింది. పెద్దావిడ చలికాలంలోనే పోయింది. రంజాన్ వెళ్లాక అంది. పండగ వెళ్లాక అంది. ఇంట్లో పనికి ఇథియోపియా నుంచి కొత్తమ్మాయి కూడా వచ్చేసింది. ఇక టికెట్టే తరువాయి అనుకుంటుండగా ఈ బార్లీ వచ్చి పడింది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. చెప్పకుండా ఎంబసీకి పోతే పరారీ కేసు పెడతారు.

పని రానివాళ్లను తిట్టి పంపేస్తారు, పని వచ్చినవాళ్లను మెచ్చుకుని కట్టేసుకుంటారు. మొదటిదాన్ని అందరూ అన్యాయమంటారు. రెండోది మెప్పు వేషంలో వస్తుంది గనక దాన్నెవరూ ఏమీ అనరు. పైగా తీపి కబురంటారు. పదకొండేళ్లుగా ఒళ్లు వంచినందుకు తనకు దక్కిన బహుమానం ఇంకో రెండేళ్లు ఒళ్లు వంచడమేనని సంజీవమ్మకు అర్థమైంది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

ఆ మధ్యాహ్నం జెలెంకా షెడ్డు పక్క గదిలో పెద్ద స్టీలు గుండిగ పెట్టి షయీర్ కాశాడు. మొలకెత్తాక ఎండబెట్టి మరపట్టిన బార్లీని, అంటే మాల్టు పిండిని, గోరువెచ్చటి నీళ్లలో కలిపాడు. అందులోంచి మూడోవంతు చిక్కటి ముద్దను వేరే గిన్నెలోకి తోడి, కుతకుత ఉడికించి, మళ్లీ పాత గుండిగలోనే పోశాడు. కాసేపాగి మళ్లీ తోడాడు, మళ్లీ ఉడికించి పోశాడు. మూడుసార్లు.

"మా అంబలి మాదిరే ఉండాది గానీ, ఈయనకు చాదస్తం జాస్తి," అంది సంజీవమ్మ గరిటె తిప్పుతూ.

బుజ్జిబాబు నవ్వుతూ ఆ మాట ఇంగ్లీషులో పెట్టాడు. ముసలాయన కూడా నవ్వాడు. వేడి కొలిచే సాధనాలు లేని రోజుల్లో కనిపెట్టిన తెలివట అది. మూడోవంతు మరిగించి కలిపితే గుండిగంతా సరిగ్గా కావలసినంతే వేడెక్కుతుందట. రుచిలో ఆ రొట్టె వాసన, ఆ గుండ్రదనం ఈ చాదస్తం వల్లనే వస్తాయట. ఆ తరవాత ఆయన కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగి చూపించాడు.

"ఇక్కడి నీళ్లు సముద్రం నీళ్లని కాచి తీసినవి కదండి, అంచేత ఉప్పూ సున్నం ఉండవంటండి. వాళ్ల ఊరి నీళ్లూ ఇంత మెత్తగానే ఉంటాయంటండి. అదొక్కటే ఇక్కడ తనకి సొంతూరిలా అనిపించిందంటున్నాడండి," అన్నాడు బుజ్జిబాబు.

జెలెంకా సంచీలోంచి ఎండిన ఆకుపచ్చ పూలు గుప్పెడు తీసి సంజీవమ్మ అరచేతిలో పోసి నలపమన్నాడు. మరువం, పచ్చిగడ్డి, కొంచెం మిరియం కలిసినట్టు వాసన. అవి హాప్స్ అట, ఆ దేశంలో పందిళ్ల మీదికి పాకే తీగకు పూస్తాయట. వాటిని మరిగే కషాయంలో వెయ్యగానే గదంతా చేదు ఘుమాయించింది. ఇంతవరకే ఇక్కడి పని. దీన్ని చల్లార్చి ఈస్ట్ కలిపితే బీరవుతుంది, కలిపినవాళ్లు జైలుకెళతారు. అన్నీ చేసి ఆఖరి పని చెయ్యకుండా ఆగిపోవాలి. ఆ ఆగిపోవడం దగ్గర ముసలాయన ప్రతిసారీ గుండిగ వంక ఒక్క క్షణం ఊరికే చూస్తాడు.

"అసలీ బీరు ఎవురు కనిపెట్టినారంట సార్?" అడిగాడు పెంచల్.

ముసలాయన ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. బుజ్జిబాబు దానికి తన గోదావరి సొగసు చేర్చాడు.

"వాళ్ల ఊరి పేరు పిల్సెన్ అండి. నూట ఎనభై ఏళ్ల కిందటి మాటండి. అప్పట్లో బీరు నల్లగా, మడ్డిగా, ఓరోజు బాగుండి ఓరోజు పుల్లగా ఉండేదంటండి. ఓసారి ముప్పయ్యారు పీపాలు పాడైపోయాయి. ఊరోళ్లకి తిక్క రేగిపోయి, పీపాలన్నీ దొర్లించుకెళ్లి మునిసిపాలిటీ ఆఫీసు ముందు పారబోసేశారండి."

"అన్నీనా?"

"అన్నీనండి. ఆ పైన ఊరోళ్లంతా కలిసి కొత్త కార్ఖానా కట్టుకున్నారు. పని తెలిసినోడు కావాలి కదండి, పక్కనున్న బవేరియా నించి ఓ మేస్త్రిని తెప్పించారు. మనలాగే కాంట్రాక్టు మనిషండి. ఆయన వాళ్ల దేశం పద్ధతి తెచ్చాడు, ఈళ్ల మెత్తటి నీళ్లు, ఈళ్ల పూలు, పొగ తగలకుండా వేడిగాలికి ఎండబెట్టిన తెల్లటి మాల్టు తీసుకున్నాడు. కొండ తొలిచిన సొరంగాల్లో చలిలో వారాల తరబడి కదపకుండా ఉంచాడు. లాగర్ అంటేనే అలా నిలవుంచడమంటండి. అదెంత పడుకుంటే అంత బాగుంటుందంట. మొదటి పీపా విప్పి గ్లాసులో పోస్తే బంగారం రంగు, పైన మూడు వేళ్ల మందాన నురగ! అలాంటిది అంతకు ముందు ఎవడూ చూళ్లేదండి. ఇప్పుడు ప్రపంచంలో తాగే బీరంతా దానికి పిల్లా పీచేనంటున్నాడు."

"అది సరే నాయనా. ఆ మేస్త్రి ఏమాయ?" అంది సంజీవమ్మ.

ఆ ప్రశ్న ఇంగ్లీషులోకి వెళ్లగానే ముసలాయన నవ్వు తగ్గింది. గరిటె అంచును గుండిగకు గీరుతూ క్లుప్తంగా చెప్పాడు.

"మూడేళ్లయ్యాక కాంట్రాక్టు మళ్లీ రాయలేదంటండి. ఊరోళ్లు పని నేర్చేసుకున్నారు కదండి, ఇంకాయనతో పనేముంది? పైగా నోటి దురుసు మనిషంట. ఇంటికి పంపేశారు."

"అన్యాయం సార్," అన్నాడు పెంచల్.

"మరేనండి. పాపం," అన్నాడు బుజ్జిబాబు. ముసలాయన తను పనిచేసిన కార్ఖానాను కూడా ఎవరో కొనేసి, నేల మీద మొలకెత్తించే పని తీసేసి యంత్రాలు పెట్టారని, తనకూ అలాగే సెలవిచ్చారని చెప్పాడు. దానికి కూడా ఇద్దరూ పాపమన్నారు.

సంజీవమ్మ మాత్రం అనలేదు. ఆమెకు ఆ బవేరియా మేస్త్రి మీద జాలి కలగలేదు, అసూయ కలిగింది. మూడేళ్లకే పంపేశారు. నేర్చుకున్నారు, పంపేశారు. ఆ రెండు మాటలూ గరిటె తిప్పినంతసేపూ ఆమె నోట్లో తిరుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం పెంచల్ గొర్రెలు తోలి రాగానే ఆమె అడిగింది. "పెంచలూ, ఈ పని నేర్చుకుంటావా?"

"నేర్పిస్తావా అక్కా?" అతని కళ్లు మెరిశాయి. అంతలోనే అనుమానం వచ్చింది. "నేర్పిస్తే నీకు పనుండదు కదా?"

"పనుండదు. ఇంటికి పోతా."

పెంచల్ ఆమె మొహంలోకి చూశాడు. అర్థమైంది. అతనికి ఈ చల్లటి షెడ్డు కావాలి, ఆమెకు ఇందులోంచి బయటపడటం కావాలి. ఇద్దరి కోరికా ఇంత చక్కగా కుదరడం కువైట్‌లో అరుదు.

మరునాడే నానిన బార్లీని నేల మీద రెండు పరుపులుగా పరిచారు. తలుపు వైపుది పెంచల్‌ది, గోడ వైపుది సంజీవమ్మది. నేర్పేటప్పుడు ఆమె దయాదాక్షిణ్యాలు చూపలేదు.

"కండ్లు మూసుకో. చేయి పెట్టు. ఎట్లుండాది?"

"వెచ్చంగుండాది."

"ఎంత వెచ్చన? జరమొచ్చిన పిల్లోని నుదురు మాదిరా, నిద్రపోయే పిల్లోని నుదురు మాదిరా?"

"నిద్రపోయే పిల్లోడే."

"అయితే ఇంగో గంట ఉండనీ. వాసన చూడు. పచ్చి దోసకాయ వాసనొస్తే మంచిది. పులుపొచ్చిందంటే నీళ్లెక్కువైనట్టు."

గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి గోడ మీద గీయించింది. ముగ్గుపిండిలా తెల్లటి గీత పడితే లోపల గింజ విచ్చినట్టు. గీత పడకుండా గట్టిగా తగిలితే ఇంకా పచ్చి. మూడో రోజుకు షెడ్డు గోడ నిండా పెంచల్ గీతలే. మొదట్లో అతని చెయ్యి మోటుది, పార వేస్తే మొలకల వేళ్లు తెగేవి. ఆమె పార లాక్కుని, "గొర్రి పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తు," అంది. ఆ మాట అతనికి పనికొచ్చింది. అది అతనికి తెలిసిన పని.

బుజ్జిబాబుకు ఫోన్ చేసి ఆమే చెప్పింది, పెంచల్ కూడా చేస్తాండాడు, బదర్ సారును ఒకసారి వచ్చి చూడమను అని. ఎందుకు చెప్పమంటోందో చెప్పలేదు. బుజ్జిబాబు మంచివాడే గానీ అతని కడుపులో మాట నిలవదు. ఆ సాయంత్రమే జవాబు వచ్చింది.

"బదర్ సారు శుక్రవారం పొద్దున్న వచ్చి రెండూ చూస్తాడంటండి. ఎవరిది బాగుందని జెలెంకా చెప్తే వాళ్లకే షెడ్డు. ఒక్క మనిషికే ఇఖామా పెడతాడంట."

"రెండో మనిషి?"

"పెంచలైతే గొర్రెల్లోకేనండి. మీరైతే ఇంట్లో చోటెక్కడుందండి, కొత్తమ్మాయి ఉందిగా. మామా గారు టికెట్టు కొనిచ్చేస్తానంటున్నారు. అంచేత జాగ్రత్తండి సంజీవమ్మగారూ. ఓడిపోకండేం!"

"అట్లనే నాయనా," అంది సంజీవమ్మ.

బుధవారం ముసలాయన అటుగా వచ్చి రెండు పరుపుల పక్కనా కూచున్నాడు. పెంచల్ గింజలు నమిలి తల ఊపాడు. సంజీవమ్మ గింజలు నమిలి కళ్లు మూసుకున్నాడు. ఆ మూసుకున్న కళ్లు చూసి, తనే గెలిచేలా ఉందని ఆమెకు భయమేసింది. పెంచల్ బాగానే చేస్తున్నాడు. కానీ ఆమె అంతకంటే బాగా చేస్తోంది. కొంచెం అశ్రద్ధగా చేద్దామని ఆ రెండు రోజులూ ప్రయత్నించింది. చెయ్యి మాట వినలేదు. పార అందుకుంటే చాలు, అది దాని దారిన అది సవ్యంగా తిరిగేది. పదకొండేళ్లుగా ఎవరో ఒకరి కోసం సరిగ్గా చేసీ చేసీ, తన కోసం తప్పుగా చెయ్యడం కూడా రాకుండా పోయింది. దానికి ఆమెకు తన మీదే ఒళ్లు మండింది.

గురువారం సాయంత్రం ఊరి నుంచి చెల్లెలు చిన్నక్క ఫోన్ చేసింది. పేరుకే చిన్నక్క, యాభై దగ్గర పడింది. మొగుడు పోయాక రెండు బర్రెలతో ఒంటరిగా ఉంటోంది.

"టికెట్టు సంగతి ఏమాయ అక్కా?"

"ఇంగా రెండేండ్లు ఉండమంటాండారు."

అటువైపు బర్రె గంట మోగడం వినిపించింది. "రెండేండ్లంటే మనకింగ ఏం మిగుల్తాది?" అంది చిన్నక్క. "రాయే అక్కా. ఇంత సంగటి కెలుక్కోని తిని, ఇద్దరం పండుకుందాం. మనల్ని ఎవురు లేపుతారో నేను చూస్తా."

ఫోన్ పెట్టేశాక సంజీవమ్మ వెళ్లి పరుపు తిరగేసింది. మగ్రిబ్ నమాజు పిలుపు వినపడింది. ఒక గింజ చీల్చి చూసింది. మొలక మూడింట రెండు వంతులు దాటింది. ఇంకో రెండుసార్లు తిరగేసి, పొద్దున్నే ఆరబెట్టే జల్లెళ్ల మీదికి ఎత్తితే ఇంతకాలంలో ఆమె చేసినవాటిలోకెల్లా మంచి మాల్టు ఇదే అవుతుంది. దోసకాయ వాసన గుప్పుమంటోంది. ఆ వాసన చూస్తూ కాసేపు కూచుంది.

ఆమె కరువు సీమ మనిషి. జొన్న చేలల్లో కోత అయిపోయాక రాలిన గింజలు ఏరుకున్న చేతులవి. గింజను పాడుచెయ్యడమంటే ఆమె లెక్కలో ఆడి తప్పడం లాంటిది కాదు, అంతకంటే పెద్ద పాపం. మొలక మించిన బార్లీ గొర్రెలకు మంచి మేతే గదా అని మనసుకు చెప్పుకుంది. గొర్రెలు తింటే పారబోసినట్టు కాదు. మనసు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ అడ్డం కూడా రాలేదు.

గోనెపట్టలు నాలుగు తెచ్చి నీళ్లలో ముంచి పిండి, తన పరుపు మీద కప్పింది. ఊళ్లో చలికాలం రాగులు తొందరగా మొలకెత్తడానికి చేసే పనే అది. అంచులు లోపలికి మడిచి దోపింది. తరవాత తన గదిలోకి పోయి, ఫోన్‌లో పెట్టుకున్న అలారం తీసేసి, రెండు స్వెట్టర్లూ విప్పి మడతపెట్టి, పడుకుంది. మొదట ఒళ్లు నమ్మలేదు. ఇంకాసేపట్లో లేవాలని కాళ్లు బిగుసుకునే ఉన్నాయి. లేవాల్సిన పని లేదని కాళ్లకు తెలిసేసరికి కొంతసేపు పట్టింది. ఆ తరవాత ఆమెకేమీ తెలియదు.

కళ్లు తెరిచేసరికి కిటికీ సందులోంచి ఎండ గోడ మీద పడి ఉంది. చెంప మీద దిండు ముడతలు. గబగబా షెడ్డులోకి పోయింది. పెంచల్ తన పరుపు పక్కన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె మొహం చూడలేకపోతున్నాడు.

"తెల్లవారుజామున నాది తిరగేసేదానికి వచ్చినా అక్కా. నువ్వు రాలే. లేపుదామని నీ తలుపు దాకా వచ్చినా." గోడ వైపు పరుపు చూపించాడు. "గోనెపట్టలు చూసినా. తీసి నీది కూడా తిరగేసుంటే సరిపోయేది. తీయలే."

"ఎందుకు తీయలే?"

"మళ్లీ ఆ ఎండలోకి పోబుద్ధి కాలే అక్కా." పారను గోడకు ఆనించాడు.

"మంచి పని చేసినావు," అంది సంజీవమ్మ. ఆ మాట నిజంగానే అంది. గోనెపట్టలు లాగేసి మూలన పడేసింది. కింద బార్లీ ఒక్క చాపలా అల్లుకుపోయింది. ఆకుపచ్చ కొసలు పొట్టు చీల్చుకుని పైకి వచ్చాయి. పసరు వాసన, కొంచెం పులుపు. చూడలేక ఆమె పెంచల్ పరుపు దగ్గరికి వెళ్లి ఒక గింజ కొరికి చూసింది. బాగుంది. తనదంత కాదు గానీ బాగుంది.

బదర్ పాదాల దాకా దిగే తెల్లటి అరబ్బు చొక్కా, దిష్‌దాషాలో వచ్చాడు. వెనక జెలెంకా, బుజ్జిబాబు. ముసలాయన ముందు పెంచల్ పరుపు దగ్గర కూచుని, గింజ నలిపి, నమిలి, "దోబ్రే," అన్నాడు. పెంచల్ రెండు చేతులూ కట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. తరవాత గోడ వైపు వచ్చి చెయ్యి పెట్టాడు. గుప్పెడు ఎత్తబోతే చాపంత ముక్క పైకి లేచింది.

"ఏంటిది?" అన్నాడు బదర్ అరబ్బీలో.

బుజ్జిబాబు మొహం పాలిపోయింది. పాపం, ఆమె మీద అభిమానంతో ముందుకొచ్చాడు. "సార్, ఈవిడ చేతిలో ఎప్పుడూ ఇలా అవలేదు సార్. ఏసీ ఆగిపోయుంటుంది. ఇంకో అవకాశం ఇస్తే..."

ఇంకో మాట అంటే పని చెడుతుంది. సంజీవమ్మ అడ్డం వచ్చింది. పదకొండేళ్లుగా వంటింట్లో నేర్చిన అరబ్బీలో, అందరికీ వినపడేలా, తనే చెప్పింది.

"ఏసీ బాగానే ఉంది బాబా. నా చేతిదే తప్పు. అనా తాబానా. అలిసిపోయినా. నా చేయి ఖర్బాన్. ఇంక ఈ చేయి పని చెయ్యదు."

ఆ మాట అన్నాక ఆమెకు తెలిసింది అదెంత బరువైనదో. పెద్దావిడకు ఏడేళ్లు ఒళ్లు తుడిచిన చేయది. ఒక్క గిన్నె పగలగొట్టలేదు, ఒక్క పూట కూర మాడనివ్వలేదు. ఎవరైనా ఆ చేతిని ఒక్క మాటంటే ఊరుకునేది కాదు. ఇప్పుడు నలుగురి ముందూ తనే దాన్ని పాడైపోయిందనాల్సి వచ్చింది. కాదు, నా అంత బాగా ఈ దేశంలో ఎవరూ చెయ్యలేరు అని అరవాలనిపించింది. పెదవులు బిగబట్టుకుని నిలబడింది.

బదర్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. విరిగిన కుర్చీని చూసినట్టు చూసి, జాలిగా నాలుక చప్పరించాడు. "వయసైపోయింది. ఖలాస్. మా అమ్మకు చెప్తాను, ఈ వారమే పంపించేద్దాం," అన్నాడు బుజ్జిబాబుతో. పెంచల్ భుజం తట్టాడు. ఫోన్ తీసి మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు. తలుపు సందులోంచి మామా గొంతు, టికెట్టు, గురువారం అన్న ముక్కలు వినపడ్డాయి. ఆమె గోడకు ఆనుకుంది.

జెలెంకా ఇంకా ఆ చాప ముక్క చేతిలోనే పట్టుకుని కూచున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అల్లుకున్న మొలకల వేళ్ల మధ్య చిక్కుకున్న దేన్నో పట్టుకుని మెల్లగా లాగాడు. జానెడు పొడుగు గోనె పీచు. దాన్ని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. మూలనున్న గోనెపట్టల వైపు ఒకసారి చూశాడు. పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాడు బదర్.

ముసలాయన తలెత్తి ఆమె మొహం వంక, చెంప మీది దిండు ముడతల వంక చూసి, బుజ్జిబాబుతో నెమ్మదిగా ఏదో అన్నాడు.

బుజ్జిబాబు తెల్లమొహం వేశాడు. "మీకు రాత్రి నిద్ర బాగా పట్టిందా అని అడుగుతున్నాడండి. ఇదేం అడగడమండీ బాబూ, ఇంత నష్టం జరిగితే."

సంజీవమ్మ ముసలాయన కళ్లలోకి చూసింది.

"పట్టిందని చెప్పు నాయనా," అంది. "పదకొండేండ్లకు, నిన్ననే పట్టిందని చెప్పు."

బుజ్జిబాబు చెప్పాడు. ముసలాయన తల ఊపి, ఆ పీచును చొక్కా జేబులో వేసుకుని లేచాడు. పార తెచ్చి పెంచల్ చేతికిచ్చి, తలుపు వైపు పరుపు చూపించి, తిరగెయ్యమన్నాడు.